పిప్ అప్పీలు నడుస్తుండగా యూనివర్సల్ క్రెడిట్‌కు మారమని లేఖ వస్తే ఆగాలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఒంటరిగా ఉంటున్నారు, ఈఎస్ఏ (జబ్బు వల్ల పనిచేయలేనివాళ్లకు ఇచ్చే భత్యం) సపోర్ట్ గ్రూప్‌లో, అంటే పని వెతుక్కోనక్కర్లేని వర్గంలో ఉన్నారు. రివ్యూలో పిప్ (రోజువారీ పనుల్లో, తిరగడంలో ఇబ్బందిని పాయింట్లతో కొలిచి ఇచ్చే వైకల్య భత్యం) పూర్తిగా ఆపేశారు, మాండేటరీ రీకన్సిడరేషన్‌లోనూ, అంటే అప్పీలుకు ముందు డీడబ్ల్యూపీ (బెనిఫిట్లు చూసే ప్రభుత్వ శాఖ) తన నిర్ణయాన్ని తానే మళ్లీ చూసే దశలోనూ, సున్నా పాయింట్లే ఇచ్చారు. ఇంతలో మూడు నెలల్లో యూనివర్సల్ క్రెడిట్‌కు (యూసీ, ఈఎస్ఏ లాంటి పాత బెనిఫిట్ల బదులు వచ్చింది) అప్లై చేయమని లేఖ వచ్చింది. అప్పీలు తేలేదాకా ఆగాలా, యూసీకి వెళ్తే అప్పీలు పోతుందా అని అడిగారు.

అప్పీలు పోదండి. దాని కోసం యూసీ గడువు మాత్రం దాటనివ్వకండి. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. పిప్ అప్పీలు, ఈఎస్ఏ నుంచి యూసీకి మారడం నాకూ ఒకేసారి వచ్చిపడ్డాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నేను రాసేది ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో పిప్‌కు బదులు అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ ఉంది, అక్కడి గడువులు వేరు.

యూసీలోకి మారేది మీ ఆదాయాన్ని బట్టి వచ్చే ఈఎస్ఏ. పిప్ దాంట్లో కలవదు, యూసీ లెక్కలో దాన్ని ఆదాయంగా కూడా చూడరు. లేఖలో ఇచ్చిన తేదీలోపు అప్లై చేస్తే ట్రాన్సిషనల్ ప్రొటెక్షన్ ఉంటుంది. అంటే పాత డబ్బు కన్నా యూసీ తక్కువైతే ఆ తేడా కలిపి ఇస్తారు. తేదీ దాటితే అది చేజారే ప్రమాదం ఉంది.

మీ విషయంలో ఒక చిక్కు ఉంది. ఒంటరిగా ఉంటూ, పిప్ ఆగేదాకా అందులో డైలీ లివింగ్ (రోజువారీ పనుల) భాగం తీసుకుని ఉంటే, ఈఎస్ఏలో సివియర్ డిసెబిలిటీ ప్రీమియం అనే అదనపు మొత్తం కూడా కలిసి ఉండొచ్చు. పిప్ ఆగితే అదీ ఆగిపోతుంది. అలా తగ్గిన ఈఎస్ఏని బట్టే ట్రాన్సిషనల్ లెక్క కట్టేస్తారు. పాత ఈఎస్ఏ లేఖలు తీసి ఆ ప్రీమియం ఉండేదేమో ఇవాళే చూడండి. ఉంటే, హియరింగ్ దగ్గర పడిందంటే, యూసీ గడువు పొడిగించమని అడగండి. సరైన కారణం ఉంటే పొడిగించే వీలుంది, కానీ గడువు ముగియకముందే అడగాలి. కుదరదంటే అప్లై చేసేయండి. అప్పీలు గెలిచాక తీర్పు కాపీ పెట్టి, ఆగిపోయిన ప్రీమియం, యూసీ లెక్క రెండూ మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడగండి.

డబ్బు సంగతి: యూసీకి అప్లై చేశాక ఈఎస్ఏ ఇంకో రెండు వారాలు వస్తుంది, అది తిరిగి కట్టక్కర్లేదు. మొదటి యూసీ చేతికి రావడానికి సుమారు ఐదు వారాలు పడుతుంది. ఈలోపు ఇచ్చే అడ్వాన్సు అప్పే, తర్వాతి నెలల్లో కోసుకుంటారు. మీరు సపోర్ట్ గ్రూప్ కాబట్టి ఎల్‌సీడబ్ల్యూఆర్ఏ (జబ్బు వల్ల పనిచేయలేనివాళ్లకు యూసీలో కలిపే అదనపు మొత్తం) మొదటి నెల నుంచే రావాలి. మొదటి స్టేట్‌మెంట్‌లో అది లేకపోతే వెంటనే జర్నల్‌లో (మీ ఆన్‌లైన్ యూసీ ఖాతాలో మెసేజ్‌లు రాసే చోటు) రాయండి.

ఇక అప్పీలు. రీకన్సిడరేషన్ నోటీసు తేదీ నుంచి నెలలోపు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, ఆన్‌లైన్‌లో గానీ ఎస్ఎస్‌సీఎస్1 ఫారం మీద గానీ. కాగితాల మీదే తేల్చేయమని మాత్రం టిక్ పెట్టకండి. ఫోన్ మీదైనా సరే, మీ నోటితో మీరు చెప్పుకోవాలి. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఫారంలోనే తెలుగు అని రాయండి, ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఇంగ్లీషు బాగానే వచ్చినా, నొప్పి గురించి, స్నానం గురించి ముగ్గురు కొత్తవాళ్ల ముందు చెప్పాల్సి వచ్చినప్పుడు మాటలు దొరకవు. అడగడానికి మొహమాటపడకండి.

నా అసెస్‌మెంట్ రిపోర్టులో ‘చేతి పట్టు మామూలుగా ఉంది, వంట చేసుకోగలరు’ అని ఉంది. చదివి చాలా ఏడ్చాను. తర్వాత సిటిజన్స్ అడ్వైస్‌లో (ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ) ఒకావిడ పిప్ నియమాల్లో ఒక భాగం చూపించారు. ఏ పనైనా ‘చేయగలరు’ అనాలంటే ప్రమాదం లేకుండా, సరిగ్గా, ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు చేయగలగాలి. మామూలు మనిషికి పట్టే గరిష్ఠ సమయానికి రెట్టింపు దాటకూడదు. ఇబ్బంది సగానికి పైగా రోజుల్లో ఉంటే లెక్కలోకి వస్తుంది. నా కేసు మొత్తం దీని మీదే నిలబడింది.

అందుకే రిపోర్టులో ఒక్కో వాక్యం తీసుకుని ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటూ జవాబు రాశాను. వంట చేయగలను అన్నారు. అన్నం వార్చాలంటే మరుగుతున్న గిన్నెను పొయ్యి మీంచి సింక్ దాకా మోయాలి. సగం దారిలో మణికట్టు వదిలేస్తుంది, ఒకసారి గంజి కాళ్ల మీద పడింది. అది ప్రమాదం. జాకెట్టు హుక్కులు పెట్టుకోగలను, కానీ మూడో హుక్కు దగ్గర వేళ్లు బిగుసుకుపోతాయి. అది సమయం. ‘నాకు నొప్పి ఎక్కువ’ అని పది పేజీలు రాసినా ఇంత పని చేయదు.

పిప్ ప్యానెల్‌లో జడ్జి, డాక్టరు, వైకల్యం గురించి అనుభవం ఉన్న మరో సభ్యులు ఉంటారు. పొద్దున లేచాక మొదటి గంట ఎలా గడుస్తుందని డాక్టరు అడిగారు. వేళ్లు ముడుచుకోవని, బ్రష్ పిడికి ఫోమ్ చుట్టుకున్నానని, మా ఆయన కుళాయి తిప్పితే తప్ప ముఖం కడుక్కోలేనని చెప్పాను. తొందరపెట్టకుండా విన్నారు. వాళ్లు చూసేది నిర్ణయం ఇచ్చిన రోజు నాటికి మీ పరిస్థితి ఎలా ఉందన్నదే, ఇవాళ్టిది కాదు. జీపీ (మీ ఫ్యామిలీ డాక్టరు) లేఖలో కూడా ఆ కాలం గురించి, ఏ పని ఎందుకు కష్టమో రాయించండి. జబ్బు పేరొక్కటే ఉన్న లేఖ వల్ల పెద్దగా ఉపయోగం లేదు.

ప్యానెల్‌కు తగ్గించే అధికారం కూడా ఉంది, కానీ మీకిప్పుడు వచ్చేదే సున్నా కాబట్టి ఆ భయం పెట్టుకోవద్దు. హియరింగ్‌కు ముందు డీడబ్ల్యూపీ వాళ్లు ఫోన్ చేసి ఇంత ఇస్తామని ఆఫర్ పెట్టొచ్చు. 8 పాయింట్లకు స్టాండర్డ్ రేటు, 12కు ఎన్‌హాన్స్‌డ్. మీ లెక్క ప్రకారం 12 దాటుతుంటే ఆ ఫోన్‌లోనే ఒప్పుకోకండి, ఆలోచించుకుని చెబుతానండి అనండి.

నేను గెలిచాను, పాత బకాయి అంతా వచ్చింది. నా పిప్‌తో పాటే ఆగిపోయిన మా ఆయన కేరర్స్ అలవెన్స్‌కు (జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకు ఇచ్చే భత్యం) తీర్పు వచ్చిన మూడు నెలల్లోపు మళ్లీ అప్లై చేస్తే అదీ వెనకటి తేదీ నుంచి ఇచ్చారు. మీ కోసం ఎవరైనా ఆ అలవెన్స్ తీసుకుంటుంటే పైన చెప్పిన సివియర్ డిసెబిలిటీ ప్రీమియం రాదు, ముందు అది కనుక్కోండి.

మీ రిపోర్టులో తప్పనిపించిన వాక్యాలు పేరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ తీసేసి ఇక్కడ పెట్టండి. జవాబు ఎలా రాయాలో కలిసి చూద్దాం.