‘ఓక్లహోమా!’పై ఇంత భేదాభిప్రాయం ఎందుకు?

ప్రశ్న: 2019లో న్యూయార్క్ నాటకరంగ కేంద్రమైన బ్రాడ్‌వేలో కొత్తగా ప్రదర్శించిన సంగీత నాటకం ‘ఓక్లహోమా!’ను కొందరు ఆకాశానికెత్తితే, కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారని చదివాను. కారణమేమిటి?

జవాబు: స్వరకర్త రోడ్జర్స్, రచయిత హామర్‌స్టీన్‌ల ఈ సంగీత నాటకం 1943లో తొలిసారి రంగస్థలమెక్కినప్పటి నుంచి ఉల్లాసభరితమైన పల్లె ప్రేమకథగానే జనం మనసుల్లో నిలిచిపోయింది. దర్శకుడు డేనియల్ ఫిష్ పాటలను, మాటలను దాదాపు యథాతథంగా ఉంచి, పెద్ద ఆర్కెస్ట్రాకు బదులు చిన్న వాద్యబృందాన్ని పెట్టి, ప్రేక్షకులు ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా చాలాసేపు దీపాలు వెలిగించే ఉంచారు. ఒక సన్నివేశంలో మాత్రం హాలంతా చీకటి చేసి, అందరూ వెలివేసినట్టు చూసే పొలం కూలీ జడ్ ముఖాన్ని తెరపై అతి దగ్గరగా చూపించారు; అతని ఒంటరితనాన్ని ప్రేక్షకుడు తప్పించుకోలేడు.

అసలు గొడవ ముగింపుతోనే వచ్చింది. మూలంలో జడ్ పెనుగులాటలో తన కత్తి మీదే పడి చనిపోతాడు. ఇక్కడ కథానాయకుడు, పెళ్లికొడుకు అయిన కర్లీ అతన్ని కాల్చేస్తాడు. వధూవరుల తెల్లని పెళ్లిబట్టలపై నెత్తురు చింది ఉండగానే అందరూ నాటకం పేరుతోనే ఉన్న ‘ఓక్లహోమా’ అనే సంబరాల పాట అందుకుంటారు. ఆ పాటను చిన్ననాటి జ్ఞాపకంగా దాచుకున్నవారికి ఇది అపచారంగా తోచడంలో వింత లేదు, వారి బాధను తేలికగా తీసిపారేయకూడదు కూడా. అయినా జడ్ మరణం, ఆ మరణంపై కర్లీని హడావిడిగా విచారించి ముగించడం మొదటి నుంచీ కథలో ఉన్నవే కనుక, ఫిష్ వాటిని దాచకుండా చూపారనే నేను భావిస్తాను. ఉత్తమ పునఃప్రదర్శనగా దీనికి బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ పురస్కారం కూడా లభించింది.