ఇంటర్వ్యూ బాగా జరిగినా ఉద్యోగం రాలేదంటే లోపల ఏం జరిగినట్టు?

"మూడు రౌండ్లూ బాగా జరిగాయి. చివర్లో చేయి కలిపి 'త్వరలో కలుద్దాం' అని కూడా అన్నారు. ఆ తర్వాత ఫోన్ లేదు, మెయిల్ లేదు. హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లెవరైనా చెప్పండి, లోపల అసలేం జరుగుతుంది?" అని ఒకరు అడిగారు. వారికే ఈ జవాబు.

నా ఉద్యోగ జీవితమంతా నియామకాల విభాగంలోనే గడిచింది. ఇప్పుడు రిక్రూట్‌మెంట్ మేనేజర్‌గా ఉన్నాను. సూటిగా చెబుతాను: మీ ఉద్యోగం ఇంటర్వ్యూ గదిలో పోయి ఉండదు. మీరు బయటికొచ్చాక ప్యానెల్ వాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు చూడండి, ఆ అరగంటలో పోయి ఉంటుంది. మేం దాన్ని డిబ్రీఫ్ అంటాం. అక్కడ ఎవరు ముందు నోరు విప్పితే నిర్ణయం చాలామటుకు వాళ్లదే. అభ్యర్థి ఎంత బాగా చెప్పాడన్నది ఆ తర్వాతి సంగతి.

ఒక నియామకం గురించి చెబుతాను. అప్పుడు నేనున్న తయారీ సంస్థలో కొనుగోళ్ల విభాగానికి టీమ్ లీడ్ కావాలి. ఫైనల్ రౌండ్‌కి ఇద్దరు మిగిలారు. ఒకాయన మంచి మాటకారి. గదిలోకి వస్తూనే అందరినీ పలకరించి, ఐదు నిమిషాల్లో ప్యానెల్‌ని నవ్వించేశాడు. ఇంకొకావిడ తండ్రిగారి అనారోగ్యం వల్ల కొన్నేళ్లు ఉద్యోగం మానేసి, మళ్లీ ప్రయత్నిస్తున్నారు. మాట నెమ్మది. ప్రశ్న విన్నాక కాసేపు ఆగి, ఆలోచించుకుని చెప్పేవారు.

ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాం. ఒప్పందం మధ్యలో ఉండగా సప్లయర్ ఉన్నట్టుండి రేటు పెంచుతానంటే ఏం చేస్తారు? ఆయన, "ఇద్దరికీ లాభం ఉండేలా మాట్లాడి ఒప్పిస్తాను, నాకు సప్లయర్లతో మంచి సంబంధాలు ఉన్నాయి" అన్నాడు. ఆవిడ మమ్మల్నే ఒక ఎదురు ప్రశ్న వేశారు, "స్టోర్స్‌లో ఎన్ని రోజులకి సరిపడా సరుకుందండీ?" అని. పది రోజులకి అనుకోండి అన్నాం. "అయితే ఇవాళే గొడవ పెట్టుకోను. ముందు ఒప్పందం తీసి, ధర పెంచుకునే క్లాజు ఉందో లేదో చదువుతాను. పాత రేటుకి ఇచ్చిన ఆర్డర్లలో ఇంకా రావాల్సినవి ఉంటే త్వరగా తెప్పించుకుంటాను. ఈలోగా రెండో సప్లయర్ శాంపిల్‌ని క్వాలిటీ వాళ్ల దగ్గర పాస్ చేయించుకుంటాను. చేతిలో ఇంకో దారి ఉన్నాకే రేటు గురించి కూర్చుంటాను" అన్నారు. కొనుగోళ్ల పని ఒక్క ఏడాది చేసినవాళ్లకైనా ఆ జవాబు విలువ తెలుస్తుంది.

ఆవిడ బయటికి వెళ్లారో లేదో, ప్యానెల్‌లో పెద్దాయన "నాకెందుకో నచ్చలేదు, చురుకుదనం లేదు" అన్నారు. ఆయన పక్కన స్టోర్స్ మేనేజర్ కూర్చున్నారు, నేను వాళ్లకి ఎదురుగా ఉన్నాను. స్టోర్స్ మేనేజర్ ముందున్న స్కోర్ షీట్‌లో ఆ సప్లయర్ ప్రశ్నకి 5 వేసి ఉంది. ఐదుకి ఐదు. పెద్దాయన మాట పూర్తయ్యేసరికి ఆయన పెన్ను మూత తీసి, ఆ 5ని అడ్డంగా కొట్టేసి, పక్కన 3 వేశారు. ఎవరూ ఆయన్ని మార్చమనలేదు. ఆవిడ చెప్పిన జవాబూ మారలేదు. పక్క కుర్చీలోంచి వచ్చిన ఒక్క మాటకి రెండు మార్కులు పోయాయి.

నా నోట్సులోంచి ఆవిడ జవాబు మొత్తం చదివి వినిపించాను. "అది ఎవరైనా చెబుతారు" అన్నారు పెద్దాయన. "ఇంతమందిని చూశాం సార్, ఇంకెవరూ చెప్పలేదు" అన్నాను. "మనకి టీమ్‌ని నడిపించే మనిషి కావాలి" అని ఆయన ఫైలు మూసేశారు. ఆఫర్ మాటకారికి వెళ్లింది.

ఆవిడకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఏ ప్రశ్నకి సరిగ్గా చెప్పలేకపోయానండీ? చెబితే దిద్దుకుంటాను" అని అడిగారు. దిద్దుకోవడానికి అక్కడేముంది? "మీ జవాబులు చాలా బాగున్నాయండీ, నిర్ణయం జవాబులని బట్టి జరగలేదు" అని ఉన్న మాటే చెప్పాను. అలా చెప్పకూడదు, రేపు కేసు అవుతుంది అనేవాళ్లు మా రంగంలో చాలామంది ఉన్నారు. నాకు ఆ వాదన ఎప్పుడూ నచ్చదు. ఆవిడ లేని లోపాన్ని వెతుక్కుంటూ తర్వాతి ఇంటర్వ్యూకి టెన్షన్‌తో వెళ్లడం కంటే నిజం తెలియడం మేలు.

ఇప్పుడు నేను చూసే నియామకాల్లో ప్యానెల్ సభ్యులెవరైనా సరే, స్కోరు వేసి, దానికి కారణం రెండు వాక్యాల్లో రాసి నాకు పంపాకే డిబ్రీఫ్‌లోకి రావాలి. అందరికంటే పెద్ద హోదాలో ఉన్నవాళ్లు చివర్లో మాట్లాడాలి. "నచ్చలేదు" అని రాస్తే ఒప్పుకోను. ఏ జవాబులో ఏం లోటు కనిపించిందో రాయాలి. మొదట్లో విసుక్కుంటారు, "ఇదేం పరీక్షా?" అంటారు. అవును, పరీక్షే. అభ్యర్థికి పెట్టినప్పుడు మనకీ ఉండాలి కదా.

ఇది నా చాదస్తమేమీ కాదు. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో, అప్పటికి 85 ఏళ్లుగా జరిగిన అధ్యయనాలని ఒకచోట చేర్చి చూశారు. నోటికొచ్చిన ప్రశ్న అడిగే ఇంటర్వ్యూ కంటే, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలమానం పెట్టిన ఇంటర్వ్యూయే రేపటి పనితీరుని బాగా పసిగడుతుందని వాళ్ల లెక్కల్లో తేలింది. 2022లో పాల్ శాకెట్ బృందం ఆ లెక్కలని తిరగదోడి చాలా పద్ధతులకి మార్కులు తగ్గించింది. అయినా పైన నిలిచింది ఆ పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూయే. రేపటి పనితీరుని తు.చ. తప్పకుండా పసిగడితే 1, అసలు పసిగట్టలేకపోతే 0 అనుకుంటే, దానికి దక్కింది కూడా 0.42 మాత్రమే. ఉన్నవాటిలో మేలైన పద్ధతే అంతవరకే వెళ్తే, "నేను మనిషిని చూడగానే చెప్పేస్తాను" అనే మేనేజర్ల సంగతి ఇక మీరే ఆలోచించుకోండి. నాకు ఎదురైన ప్రతి పెద్ద కంపెనీలోనూ అలాంటివాళ్లు ఉన్నారు, నియామకాల్లో చివరి మాట వాళ్లదే.

మనుషులతో ఈ గొడవంతా ఎందుకు, మెషీన్‌కి అప్పజెబితే పోతుంది కదా అని కూడా అంటున్నారు ఈమధ్య. అమెజాన్ ఆ ప్రయోగం చేసింది. పదేళ్లుగా తమకి వచ్చిన రెజ్యూమెలతో ఒక సాఫ్ట్‌వేర్‌కి శిక్షణ ఇస్తే, వాటిలో ఎక్కువ మగవాళ్లవే కాబట్టి అది ఆడవాళ్ల రెజ్యూమెలకి మార్కులు తగ్గించడం నేర్చుకుంది. దాన్ని పక్కన పడేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. మనం పెన్నుతో చేసిన పనినే అది ఇంకా వేగంగా చేసింది, అంతే. ఇంకో మాట, చాలామంది భయపడుతున్నట్టు ఏటీఎస్, అంటే కంపెనీలు దరఖాస్తుల కోసం వాడే సాఫ్ట్‌వేర్, దానంతటదే మీ రెజ్యూమెని చెత్తబుట్టలో వేయదు. ఎక్కువ చోట్ల అది దరఖాస్తులు దాచుకునే, వెతుక్కునే చోటు మాత్రమే. "ఫలానా లైసెన్స్ ఉందా?" లాంటి తప్పనిసరి ప్రశ్నకి లేదని కొడితే పక్కకి పెడుతుంది. మిగతావాటిలో మీది తెరవనిది మెషీన్ కాదు, ఒక్క పోస్టుకి వందల దరఖాస్తులు ముందేసుకున్న రిక్రూటర్. మెషీన్ కోసమని రెజ్యూమెలో మనిషి కంటికి కనిపించని తెల్ల అక్షరాల్లో కీవర్డులు దాచిపెట్టే చిట్కాలు అమ్ముకునేవాళ్లని నమ్మకండి.

పాత జీతం సంగతి కూడా ఒకటుంది. మీరు అడగలేదు, కానీ నాకు ఇది చెప్పకుండా ఉండబుద్ధి కాదు. మొదటి ఫోన్‌లోనే "ప్రస్తుతం ఎంత వస్తోంది?" అని అడగడం మా వృత్తిలోని అన్నిటికంటే చెడ్డ అలవాటు. పని విలువ పనిని బట్టి ఉండాలి. ముందు చేసిన కంపెనీ తక్కువిచ్చిందని మనమూ తక్కువివ్వడం ఏం న్యాయం? అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం దీన్ని ఆపుతూ 2016లో చట్టం చేస్తే 2018లో అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ కూడా 2023లో తెచ్చిన వేతన పారదర్శకత ఆదేశంలో పాత జీతం అడగకూడదని పెట్టింది. చట్టం లేని చోటా మానేయొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. పోస్టుకి ఎంత బడ్జెట్ ఉందో నేను ముందే చెప్పేస్తాను. సరిపోదనుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు, ఇద్దరి టైమూ మిగులుతుంది.

ఇక మీ అసలు బాధ, ఆ నిశ్శబ్దం. దానికి మామూలుగా ఉండే కారణాలు చెబుతాను. పోస్టుకి అనుమతి మధ్యలో ఆగిపోవడం ఒకటి. బడ్జెట్ గురించి పైన చర్చ నడుస్తుంటుంది, రిక్రూటర్‌కి కూడా స్పష్టంగా చెప్పరు. రెండోది, లోపలి ఉద్యోగికే ఆ పోస్టు ఇద్దామనుకోవడం. ఇక ఎక్కువగా జరిగేది, బయటివాళ్లు ఊహించనిది: మీరు రెండో స్థానంలో ఉండటం. మొదటి స్థానంలో ఉన్నవాళ్లకి ఆఫర్ ఇచ్చాం. వాళ్లు నోటీస్ పీరియడ్‌లో ఉన్నారు. చివరి రోజున పాత కంపెనీ జీతం పెంచి ఆపేసుకోవచ్చు, ఇంకో ఆఫర్ చూసుకుని ఇక్కడ చేరకపోవచ్చు. అందుకని వాళ్లు వచ్చి కుర్చీలో కూర్చునేదాకా మీకు "లేదు" అని చెప్పరు. "అవును" అనడానికీ లేదు. అలా వారాలు, నెలలు గడిచిపోతాయి. వాళ్లు చేరిన రోజున అందరికీ ఊపిరి ఆడుతుంది, ఎదురుచూస్తున్న మీరు ఎవరికీ గుర్తుండరు.

ఇది కేవలం తీరిక లేకపోవడం వల్ల జరగదు. మా పనిని కొలిచేవి పోస్టు ఎన్ని రోజుల్లో నింపాం, ఎంతమంది ఆఫర్ ఒప్పుకున్నారు, ఖర్చెంత అనేవి. ఎంపిక కానివాళ్లలో ఎంతమందికి ఆ మాట చెప్పామన్నది నేను పనిచేసిన ఏ కంపెనీ రిపోర్టులోనూ లేదు. లెక్కలో లేని పని ఎవరూ చేయరు. నా టీమ్‌లో నేను ఆ గడి కూడా పెట్టాను. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతి మనిషికీ జవాబు వెళ్లాలి, ఫైనల్ దాకా వచ్చినవాళ్లకైతే మెయిల్ కాదు, ఫోన్. రెండో స్థానంలో ఉన్నవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పమంటాను: "ఒకరికి ఆఫర్ ఇచ్చాం, వాళ్లు చేరకపోతే మీరే. ఈలోగా ఇంకేదైనా మంచిది వస్తే మా కోసం ఆగొద్దు." ఇలా చెబితే వాళ్లు పారిపోతారని మేనేజర్లు అంటారు. కొందరు వెళ్తారు, వెళ్లనివ్వండి. వాళ్లని చీకట్లో కూర్చోబెట్టే హక్కు మనకి లేదు.

మీరు ఇప్పుడు చేయగలిగింది: ఆ రిక్రూటర్‌కి ఒక చిన్న మెయిల్ పెట్టండి. "నా రిజల్ట్ ఏమైంది?" అని అడిగితే తప్పించుకుంటారు. "ఈ పోస్టుకి ఎవరికైనా ఆఫర్ ఇచ్చారా, లేక పోస్టే ఆగిందా?" అని అడగండి. ఒక్క ముక్కలో చెప్పగలిగే ప్రశ్న కాబట్టి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఆఫర్ ఇచ్చామంటే, వాళ్లు చేరే తేదీ అడిగి రాసి పెట్టుకోండి. ఆ తేదీ దాటిన రెండు మూడు రోజులకి మళ్లీ ఒకసారి రాయండి. ఈలోగా మిగతా చోట్ల దరఖాస్తులు మాత్రం ఆపకండి.