టెక్ సందేహాలు: క్యాలెండర్‌లో రాసుకున్నా ఆలస్యమెందుకు?

ప్రశ్న: ప్రతి మీటింగునూ గూగుల్ క్యాలెండర్‌లో రాసుకుంటాను. పది నిమిషాల ముందు ఫోను గుర్తు చేస్తుంది. అయినా దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లాల్సిన ప్రతిసారీ ఆలస్యమవుతోంది. ఇంతకంటే మంచి యాప్ ఉందా?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: యాప్ మార్చనవసరం లేదు. మీరు క్యాలెండర్‌కు చెప్పింది మీటింగు మొదలయ్యే వేళ. మీకు కావలసింది ఇంటి నుంచి బయలుదేరవలసిన వేళ. గూగుల్ మ్యాప్స్‌లో దారి చూపించాక, మూడు చుక్కల మెనూలో బయలుదేరే సమయాన్ని గానీ చేరే సమయాన్ని గానీ నిర్ణయించుకునే వీలుంది. అక్కడ మీరు చేరవలసిన తేదీని, వేళను ఇస్తే, ఆ సమయంలో మామూలుగా ఉండే రద్దీని బట్టి ప్రయాణానికి ఎంతసేపు పట్టవచ్చో చెబుతుంది. కారు ప్రయాణమైతే ఈ అంచనా తరచుగా ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని కనిపిస్తుంది. అందులో పెద్ద అంకెనే తీసుకోండి; చిన్న అంకెను నమ్ముకోవడం వల్లనే చాలామంది ఆలస్యంగా చేరుతున్నారని నా అభిప్రాయం. పార్కింగుకు, గేటు దగ్గర పేరు రాయడానికి, లిఫ్టు కోసం ఆగడానికి మరో పావుగంట కలిపి, ఆ మొత్తాన్ని ‘ప్రయాణం’ అనే పేరుతో మీటింగుకు ముందు వేరే ఈవెంటుగా చేర్చండి. అది మొదలయ్యే సమయానికి ఒకటి, అంతకు పావుగంట ముందు ఒకటి చొప్పున రెండు నోటిఫికేషన్లు పెట్టుకోండి. మీ ఆఫీసువారు మీ క్యాలెండర్‌ను చూడగలిగితే, ఆ వేళలో మీకు తీరిక లేదని వారికీ తెలుస్తుంది. ఐఫోన్ వాడేవారు క్యాలెండర్ యాప్‌లోనే ఈవెంటుకు ప్రయాణ సమయాన్ని జోడించుకోవచ్చు. ఇంటర్వ్యూ వంటి పని ఉన్న రోజున మాత్రం మెట్రోలో వెళ్లమనే చెబుతాను. అమీర్‌పేటలో రైలు మారవలసి వచ్చినా, రోడ్డు మీది రద్దీ ఆ ప్రయాణానికి అడ్డురాదు.

ప్రశ్న: మాత్రలు వేసుకోమని గుర్తు చేసే యాప్ ఒకటి నా ఆండ్రాయిడ్ ఫోనులో ఉంది. ఒక్కోసారి అరగంట ఆలస్యంగా, అదీ ఫోను చేతిలోకి తీసుకున్నాకే మోగుతోంది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఫోను చేతిలోకి తీసుకున్నాకే మోగుతోందంటే, బ్యాటరీ పొదుపు ఏర్పాటే కారణమై ఉండవచ్చు. కదలకుండా పడి ఉన్న ఫోనులో యాప్‌ల పనులను వాయిదా వేసే ‘డోజ్’ అనే పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. చెప్పిన నిమిషానికే మోగాలంటే, ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కు ‘అలారమ్స్ అండ్ రిమైండర్స్’ అనే ప్రత్యేక అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు ఈ అనుమతిని మనమే ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో స్పెషల్ యాప్ యాక్సెస్‌కు వెళ్లి దాన్ని ఆన్ చేసి, ఆ యాప్ బ్యాటరీ వాడకాన్ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’కు మార్చండి. అయితే మందుల విషయంలో ఒక్క యాప్‌నే నమ్ముకోవద్దని నా మనవి. ఫోనుతో పాటే వచ్చే క్లాక్ యాప్‌లో అదే వేళకు రోజువారీ అలారం కూడా పెట్టుకోండి. మీరు సెట్టింగ్స్ మార్చి ఉండకపోతే, డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉన్నా అది మోగుతుంది.

ప్రశ్న: రైలు టికెట్ మీద 15వ తేదీ, 00:20 అని ఉంది. ఏ రాత్రి వెళ్లాలి?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: 14వ తేదీ రాత్రే స్టేషనులో ఉండాలి. మన మాటల్లో తెల్లవారేదాకా అదే రాత్రి గానీ, రైల్వే గడియారంలో అర్ధరాత్రికే తేదీ మారిపోతుంది. 15వ తేదీ రాత్రి వెళ్తే రైలు దాదాపు ఒక రోజు ముందే వెళ్లిపోయి ఉంటుంది. క్యాలెండర్‌లో రైలు వేళతో సరిపెట్టకుండా, 14వ తేదీ రాత్రి 22:45కు ‘స్టేషనుకు బయలుదేరాలి’ అని మరో ఈవెంటు చేర్చండి. ఫోను సెట్టింగ్స్‌లో 24 గంటల పద్ధతిని ఎంచుకుంటే టికెట్, గడియారం ఒకే తీరుగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఆదివారం ఉదయం 8 గంటలకు డాలస్‌లోని మా అబ్బాయితో, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతాం. నవంబరు రాగానే వేళ తప్పుతోంది.
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. మన దగ్గర ఈ పద్ధతి లేదు. అందుకే వారి శనివారం రాత్రి 9:30 మనకు వేసవిలో ఉదయం 8 అయితే, చలికాలంలో 9 అవుతుంది. మనవరాలు నిద్రపోయే వేళ మారదు కాబట్టి, ఈవెంటును డాలస్ టైమ్ జోన్‌లో, వారం వారం వచ్చేలా మీ అబ్బాయినే పెట్టి మీకు ఆహ్వానం పంపమనండి. ఆపైన మీ ఫోనులో వేళ దానంతటదే మారుతుంది. అరిజోనాలో చాలా భాగం ఈ మార్పును పాటించదు గనుక, అక్కడ పిల్లలున్నవారికి ఏడాది పొడవునా తేడా పన్నెండున్నర గంటలే.