భాష దేవుడిచ్చిందా, మనుషులే చేసుకున్నారా? 18వ శతాబ్దం యూరప్‌లో అసలు గొడవేంటి?

ఫ్రాన్స్‌లో కోండియాక్ అనే తత్వవేత్త 1746లో ఏమన్నాడంటే, బైబిల్లో చెప్పే జలప్రళయం తర్వాత మాటలే తెలీని ఇద్దరు పిల్లలు ఎడారిలో తప్పిపోయారనుకోండి, ఒకళ్లకి ఏదైనా కావాలంటే కేకేస్తారు, చేతులు ఆడిస్తారు, రెండోవాళ్లు జాలిపడి సాయం చేస్తారు, అలా అలా ఆ కేకలే గుర్తులై మాటలయ్యాయని. బానే ఉంది గానీ 1755లో రూసో అనే ఇంకో తత్వవేత్త మెలిక పెట్టాడు: మాటలు పుట్టాలంటే ముందు జనం కలిసి బతకాలి, కలిసి బతకాలంటే మాటలుండాలి, మరి ఏది ముందు? తేల్చకుండానే వదిలేశాడు. నాకైతే ఈ మొత్తంలో గట్టి పాయింట్ ఇదే.

బెర్లిన్‌లో జ్యూస్‌మిల్క్ అనే పాస్టర్ ఏమో (జనాభా లెక్కల్లో పెద్ద పేరు ఆయనది) భాష కట్టాలంటే తెలివి కావాలి, తెలివి రావాలంటే భాష కావాలి, కాబట్టి దేవుడే ఇచ్చాడన్నాడు.

చివరికి బెర్లిన్ అకాడమీ (అక్కడి పండితుల సంస్థ) 1769లో ఈ ప్రశ్ననే వ్యాసాల పోటీకి పెడితే హెర్డర్ అనే జర్మన్ ఆలోచనాపరుడు గెలిచాడు, అది 1772లో అచ్చయింది. భాష మనిషే చేసుకున్నాడంటాడాయన, ఉదాహరణ గొర్రె. తోడేలుకి గొర్రె కనబడితే మీద పడటమే, మనిషి మాత్రం ఆగి చూస్తాడు, అది 'మే' అనగానే ఆ అరుపు పట్టుకుంటాడు, మళ్లీ కనిపిస్తే 'ఓహో, అరిచేదానివి నువ్వేగా' అనుకుంటాడు, ఆ గుర్తే మొదటి మాట, పక్కన వినేవాడు లేకపోయినా సరే. వట్టి కేకల నుంచే భాష వచ్చేస్తే జంతువులూ మాట్లాడాలి కదా అని కోండియాక్ మీద ఆయన అభ్యంతరం.