ఫంగస్ మందుతో బ్రెయిన్ ట్యూమర్ రీసెర్చ్: ప్రాజెక్టు సెంటర్‌కు డబ్బు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీ ఫార్మసీ మూడో ఏడాది చదువుతోంది. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ బ్రెయిన్ ట్యూమర్ కణాల మీద పనిచేస్తుందని చదివి, ఆ రీసెర్చే చేస్తానంటోంది. విజయవాడలో ఒక ప్రాజెక్టు సెంటర్ వాళ్లు నెల రోజుల్లో చేయించి ఇస్తామంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. అమ్మాయి ఆలోచన మాత్రం గాలి మాట కాదు. కణాలు పెరగడానికి తోడ్పడే హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని ఇట్రాకొనజోల్ అడ్డుకుంటుందని 2010లోనే తేలింది. దాని దాయాదులు కీటోకొనజోల్, పోసాకొనజోల్ గ్లయోబ్లాస్టోమా (మొండి రకం బ్రెయిన్ ట్యూమర్) కణాల్లో చక్కెర వాడకాన్ని దెబ్బతీస్తాయని 2019లో కెనడా పరిశోధకులు చూపించారు.

నెల రోజుల ప్రాజెక్టులో చేతికొచ్చేది మామూలుగా ఒక్క ఎంటీటీ (కణాలు ఎన్ని బతికాయో రంగుతో అంచనా వేసే పరీక్ష) గ్రాఫే. 96 గుంటల ప్లేటులో గుంటకు 5,000 దాకా కణాలు వేసి, రాత్రంతా అతుక్కోనిచ్చి, మందు పోసి 48 గంటలు ఉంచుతారు. ఆ తర్వాత పసుపుపచ్చని ఎంటీటీ వేస్తే మూడు నాలుగు గంటల్లో బతికున్న కణాలు దాన్ని ఊదా స్ఫటికాలుగా మారుస్తాయి. వాటిని కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రంగు ఎంతుందో రీడింగ్ తీస్తారు.

తిరకాసు ఇక్కడే. రంగు తగ్గిందంటే కణం చచ్చిందని కాదు, దాని జీవక్రియ మందగించినా తగ్గుతుంది. ఈ మందులు తాకేదే జీవక్రియను! అందుకే చచ్చిన కణాలకే అంటే ట్రిపాన్ బ్లూ రంగుతో కణాలు లెక్కపెట్టాలి, కణం చావు దారి పట్టిందో లేదో చెప్పే అనెక్సిన్-వీ పరీక్ష కూడా చేయాలి. పైగా ఇట్రాకొనజోల్ నీళ్లలో కరగదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపి, కణాలు పెరిగే మీడియంలో పోస్తే ఒక్కోసారి విరిగి అడుగున పేరుకుంటుంది. అప్పుడు గ్రాఫులో రాసిన మోతాదు కణానికి అందనే అందదు. ప్లేటును మైక్రోస్కోపు కింద పెడితే సంగతి బయటపడుతుంది. డీఎంఎస్‌ఓ ఎక్కువైతే అదే కణాలను చంపుతుంది. 5 మిల్లీమోలార్ స్టాక్‌ను (డీఎంఎస్‌ఓలో కరిగించిన చిక్కటి మందును) వెయ్యి వంతులకు పలచన చేస్తే మందు 5 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. మందు వేయని గుంటల్లోనూ అంతే డీఎంఎస్‌ఓ పడాలి.

ఇవన్నీ దాటినా, రక్తంలో ఈ మందు 99 శాతానికి పైగా ప్రొటీన్లకు అతుక్కునే ఉంటుంది, మెదడు ద్రవంలోకి చేరేది బహు తక్కువ. ప్లేటులో గెలిచినంత మాత్రాన రోగికి మందు దొరికినట్టు కాదు. (తెలిసినవాళ్లలో ట్యూమర్ ఉన్నవాళ్లుంటే ఈ క్యాప్సూల్ సొంతంగా మింగనివ్వకండి. కాలేయంలో సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ను ఆపి, వేరే మందుల మోతాదు రక్తంలో పెంచేస్తుంది.)

అమ్మాయి ఫైనలియర్‌లో ఎం ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాయాలి. క్వాలిఫై అయి ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో ఎం ఫార్మసీ చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. కేంద్ర ఫార్మసీ సంస్థ హైదరాబాద్ నైపర్‌లో సీటు కావాలంటే నైపర్ జేఈఈ కూడా ఉంటుంది. ఉద్యోగాలున్నాయని ఎం ఫార్మసీలో అనాలిసిస్ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) తీసుకోమంటారు చుట్టాలు. ఈ పనికి ఫార్మకాలజీయే (మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చదివే విభాగం) దారి. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ.

ఈ ఎండాకాలం సెలవుల్లో సెల్ కల్చర్ (కణాల పెంపకం) జరిగే ల్యాబ్‌లో ఆరు వారాలు కూర్చోబెట్టండి. చేరేముందు అక్కడ మూడు అడగమనండి: కణాలు పుణెలోని జాతీయ కణాల కేంద్రం ఎన్‌సీసీఎస్ నుంచి వచ్చాయా, మైకోప్లాస్మా (కణాలకు కనిపించకుండా సోకే బ్యాక్టీరియా) పరీక్ష ఎప్పుడు చేశారు, పిపెట్ తన చేతికిస్తారా. మూడోదానికి నసిగితే ఇంకో ల్యాబ్ చూసుకోండి.