ముందు ఆ రెండు తేదీలు గోడ మీద రాసిపెట్టు

తల్లీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసంతా మన కమ్యూనిటీ రేడియో స్టేషన్ దగ్గరే ఉంది. "టీచరమ్మా, ఆరు నెలల్లో లైసెన్స్ రెన్యువల్ అంట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అన్నావు. టెన్షన్ పడకు. పని ఈ వారమే మొదలుపెడితే ఆరు నెలలు చాలు. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని కూర్చుని రాస్తున్నాను.

అందరూ లైసెన్స్ అని ఒక్క మాటలో అనేస్తారు గానీ మన దగ్గర ఉండాల్సినవి రెండు కాగితాలు. ఒకటి ఢిల్లీలో సమాచార ప్రసార శాఖతో చేసుకున్న అనుమతి ఒప్పందం, మనవాళ్లు గోపా అంటారే, అది. రెండోది టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఆపరేటింగ్ లైసెన్స్. మొదటిది స్టేషన్ నడుపుకోవడానికి అనుమతి. రెండోది గాలిలో ఆ ఫ్రీక్వెన్సీ వాడుకోవడానికి అనుమతి. శాఖలు వేరు, రుసుములు వేరు, గడువు తేదీలు కూడా వేరు. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఒప్పందం తొలి గడువును పదేళ్లకు పెంచారు, అంతకు ముందు ఐదేళ్లే. అందుకని పక్క స్టేషన్ వాళ్ల లెక్క వినకు. మన ఒప్పందం మీద ఏ తేదీ ఉందో అదే మనకు లెక్క. ఆ రెండు తేదీలనూ పెద్ద అక్షరాలతో రాసి, రికార్డింగ్ గదిలో కాదు, అందరూ కూర్చుని టీ తాగే చోట గోడకు అంటించు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, స్టేషన్ పెట్టిన కొత్తలో నేను ఒక్క తేదీనే గుర్తు పెట్టుకున్నాను. ఒప్పందానికి ఇంకా చాలా కాలం ఉందని ధీమాగా ఉండి, వైర్‌లెస్ లైసెన్స్ గడువు చూసుకోలేదు, దానికి కట్టాల్సిన రుసుమూ కట్టలేదు. తెలిసిన రోజే ట్రాన్స్‌మిటర్ ఆపేశాం. మళ్లీ ఆన్ చేయడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. మనకు బతుకమ్మ పాటలు పాడే ముసలమ్మ ఉండేది చూడు, ఆమె రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చునేది. "మన రేడియోకు గొంతెందుకు పోయింది బిడ్డా?" అని అడిగేది. చలానా కట్టలేదని ఆమెకు ఎలా చెప్పను? ఆ నలభై ఒక్క రోజుల్లో ఆమె అడగని రోజు లేదు. నీకు ఆ రోజులు రాకూడదు.

ఇప్పుడు పని సంగతి. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోనే. సమాచార శాఖకు బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్, వైర్‌లెస్ వాళ్లకు సరళ్ సంచార్ పోర్టల్. ముందుగా ఆ రెండింటిలో లాగిన్ అవుతోందో లేదో చూడు. మన అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు, ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయిన అబ్బాయిది. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ అతనికి ఫోన్ చేసి అడగడం నాకు తెలుసు. ఆ రెండు అకౌంట్లనూ స్టేషన్ పేరు మీదున్న నంబరుకు, స్టేషన్ మెయిల్‌కు మార్పించు. ఇది చిన్న పనే, కానీ ఆఖరి వారంలో ప్రాణం తీస్తుంది.

తరువాత రేడియోను నడిపే మన సంస్థ పేరు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఒప్పందం, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం అక్షరం పోల్చు. ఒక్క చోట ఒక 'హెచ్' ఎక్కువైనందుకు నేను రెండు నెలలు తిరిగాను. కార్యవర్గం మారిన ప్రతిసారీ కొత్త జాబితాను సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేశామా చూడు. నువ్వు సంతకం పెట్టాలంటే నీ పేరు మీద తీర్మానం మినిట్స్ బుక్‌లో ఉండాలి.

లెక్కల విషయంలో సంస్థ లెక్క, రేడియో లెక్క కలపొద్దు. రేడియో ఆదాయం, ఖర్చు, ఆస్తులు, అప్పులు విడిగా కనిపించేలా ఏటా ఆడిట్ చేయించి పంపాలి. సీఏ గారికి ఈ మాట ముందే చెప్పు, లేకపోతే ఆయన అలవాటుగా అన్నీ ఒకే షీటులో వేసేస్తారు.

ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమం రికార్డింగ్ మూడు నెలలు దాచాలన్నది నిబంధన. నువ్వు మాత్రం ఏడాది దాచు. తేదీకో ఫోల్డర్ పెట్టు. రెండో హార్డ్ డిస్క్ స్టేషన్‌లో కాకుండా ఎవరి ఇంట్లోనైనా ఉంచు. మన దగ్గర ఒకసారి పిడుగు పడి కంప్యూటర్, దానికి తగిలించిన డిస్కు రెండూ ఒకే రాత్రి పోయాయి. కేవలం నిబంధన కోసమే కాదు. మన అవ్వల పాటలు, విత్తనాల కబుర్లు ఇంకెక్కడా లేవు.

కార్యక్రమాల్లో కనీసం సగం మన ఊళ్లవాళ్లతో, ఇక్కడే తయారై ఉండాలి. మనకు అది కష్టమేం కాదు, ఎక్కువే ఉంటుంది. కానీ లాగ్‌బుక్‌లో రాయకపోతే చేసినట్టు ఎవరికీ తెలియదు. మైకు పక్కనే దారంతో పెన్ను కట్టిపెట్టు. ఎవరు మాట్లాడారు, ఏ ఊరు, ఎన్ని నిమిషాలు, అంతే. కార్యక్రమాల గురించి చెప్పే సలహా కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలని కొత్త మార్గదర్శకాల్లో పెట్టారు. నాకు ఎంత సంతోషమైందో! జహీరాబాద్ పక్కన మాచునూరులో 2008లో సంఘం రేడియో మొదలైనప్పుడు దళిత మహిళలే మైకు ముందు కూర్చున్నారు కదా, ఆ ధైర్యం చూసే మనమూ పెట్టుకున్నాం. కమిటీ మీటింగులు నిజంగా పెట్టు. ఆర్నెల్ల మినిట్స్ ఒకే రోజు, ఒకే పెన్నుతో రాసినవి చూడగానే తెలిసిపోతాయి.

వార్తల దగ్గర జాగ్రత్త. సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తలైతే మార్చకుండా ఉన్నది ఉన్నట్టు వేయవచ్చు. కుర్రాళ్లు ఉత్సాహంతో పొద్దున పేపరు చదివి వినిపిస్తామంటారు, ఒప్పుకోకు. అయితే కరెంటు కోత, నీళ్ల సరఫరా, వాతావరణం, జాతర, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు, అధికారులు చెప్పిన ఆరోగ్య హెచ్చరికలు, ఇవేవీ వార్తల కిందికి రావు. ఊరికి కావాల్సింది చాలావరకు ఇందులోనే ఉంది, భయపడి వాటినీ ఆపేయొద్దు.

ప్రకటనలు గంటకు పన్నెండు నిమిషాలు దాటకూడదు. ఒకప్పుడు ఐదు నిమిషాలే ఉండేది. ఏ నాయకుడైనా పుట్టినరోజుకు గంట కార్యక్రమం చేయమని డబ్బిస్తానంటే నమస్కారం పెట్టి కాదను. ఆ ఒత్తిడి నాకు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ కమిటీ అక్కలను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఒక్కదానివే వెళ్లకు. "స్టేషన్ మాకు అప్పగించండి, ఖర్చంతా మేం చూసుకుంటాం" అనేవాళ్లు కూడా వస్తారు. ఈ అనుమతి ఇంకొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు, నోటిమాటగా కూడా ఇవ్వకు.

ట్రాన్స్‌మిటర్ వంద వాట్ల పరిమితిలోనే ఉండాలి, టవర్ ముప్పై మీటర్లు దాటకూడదు. వేరే బిల్డింగ్‌కు మారాలన్న ఆలోచన ఉందన్నావు. ముందుగా అనుమతి తీసుకోకుండా యాంటెన్నా ఒక్క అడుగు కూడా కదపొద్దు. రెన్యువల్ అయ్యాకే ఆ పని పెట్టుకో.

ఆల్మారా పై అరలో ఎర్రగుడ్డ చుట్టిన కట్ట ఉంటుంది. అసలు ఒప్పందం, బ్యాంకు గ్యారంటీ కాపీ, చలానా రశీదులు అందులోనే. అసలు కాగితాలు ఎవరడిగినా స్టేషన్ దాటనివ్వకు, జిరాక్సులే ఇవ్వు. వచ్చే బుధవారం పొద్దున బస్సుకు వస్తాను. అప్పటికి ఆ రశీదులన్నీ ఏడాది వరుసలో పేర్చి ఉంచు, ఏది లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ
టీచరమ్మ