సైటు జోలికి పోకు అమ్మడూ

అమ్మడూ, నువ్వు గుణుపురం నుంచి పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఆరు బాణాల్లో రెండు నడిమి పసుపులో, మూడు ఎరుపులో, ఒకటి పోయి నలుపులో పడింది, దానికే నువ్వు ఏడుపు మొహం పెట్టావు. నాకు కోపం వచ్చింది మాత్రం వేరేదానికి. బాణం బాణానికీ ఆ సైటు, అదే విల్లు మీద గురి చూసే పరికరం, తిప్పేస్తున్నావేంటే? అలా తిప్పుతూ పోతే తప్పు నీదో సైటుదో ఆ మజ్జిగౌరమ్మ తల్లి కూడా చెప్పలేదు. ఆరేసి చొప్పున రెండు విడతలు వెయ్యి, అన్నీ ఒకచోటే గుంపుగా పడుతూ ఆ గుంపు మధ్యకి ఎడమగా ఉంటే అప్పుడు సైటుని ఎడమకే జరుపు. గుంపే లేకపోతే సైటేం చేస్తుంది?

ఆ నలుపులో పడ్డ బాణం దగ్గర వీడియో ఆపి చూడు. నీ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అంతే, ఇంకేం లేదు. నోరు తెరిస్తే గడ్డం దిగుతుంది, గడ్డంతో పాటు యాంకరూ, అంటే లాగిన చెయ్యి ఆనే చోటూ, దిగుతుంది, బాణం వెనక భాగం కిందకి పోతే ముందు భాగం పైకి లేస్తుంది. ఇక్కడ 2 మిల్లీమీటర్లు దిగితే 70 మీటర్ల దగ్గర పదిహేను సెంటీమీటర్ల పైమాటే. పది పాయింట్ల గుండ్రం మొత్తం కలిపితే 12.2 సెంటీమీటర్లు! అందుకని పళ్లు ఆనించి పెట్టు, నారి ముక్కు కొసనీ గడ్డాన్నీ ప్రతిసారీ ఒకేచోట తాకాలి. తాకిందని చర్మానికి తెలియాలి, అద్దంలో చూసి కాదు.

విల్లు పట్టుకున్న చెయ్యి కూడా బిగిస్తున్నావు, బొటనవేలు తెల్లబడింది చూసుకో. అరచేతిలో బొటనవేలి కింద కండ మీద విల్లు ఆని ఉంటే చాలు, చేతికి కట్టుకున్న స్లింగ్ పట్టీ ఉన్నది విల్లు పడిపోకుండా ఆపడానికే కదా.

ఇక క్లిక్కర్ సంగతి, బాణం పూర్తిగా లాగగానే టిక్కుమనే ఆ రేకు. నాలుగైదు సెకన్లు దాటినా క్లిక్ రాకపోతే బాణం వదలకుండా విల్లు దించెయ్. సిగ్గుపడకు. మళ్లీ లాగడానికి టైమ్ ఉంటుంది. నా చిన్నప్పుడు బిస్సంకటక్ వైపు ఒక కోదు గిరిజన తాత వెదురు విల్లుతో వేస్తుంటే చూసేవాణ్ణి, సైటూ లేదు క్లిక్కరూ లేదు, బొటనవేలు మాత్రం దవడ ఎముక మీద అదే గుంటలో కూర్చునేది. మనసు కుదరకపోతే పూర్తిగా లాగిన నారిని కూడా మెల్లగా వెనక్కి వదిలేసి బీడీ వెలిగించుకునేవాడు. నువ్వు బీడీ ముట్టకు, మిగతాది నేర్చుకో.

వదిలేటప్పుడు వేళ్లు తెరవాలని చూడకు. వీపు లాగుతూనే ఉంటే, వేళ్లు సడలితే చాలు, చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోతుంది. ఇది నేర్చుకోడానికి పేపరు తీసేసి ఐదు మీటర్ల నుంచి ఉత్త బట్ మీదకి, అదే బాణాలు గుచ్చుకునే దిమ్మ మీదకి, రోజూ ఓ ముప్ఫై బాణాలు, కళ్లు మూసుకుని. బట్ ముందు నిలబడి లాగాకే కళ్లు మూయి, పక్కన ఎవరూ ఉండకూడదు. ఇంట్లో అయితే రబ్బరు పట్టీతో చెయ్యి, బాణం లేకుండా నారి వదిలావో విల్లు విరగొచ్చు.

పౌండ్లు, అదే విల్లు లాగే బరువు, పెంచుతానంటున్నావట, మీ అమ్మ చెప్పింది. ఇప్పుడొద్దు. పక్కవాడు 44 లాగుతున్నాడని నేనూ ఒక్కసారిగా ఎనిమిది పౌండ్లు పెంచాను, భుజం పట్టేసి ఆరు నెలలు చొక్కా తొడుక్కోడానికి కూడా మీ అత్త సాయం కావాల్సొచ్చింది. చివరి బాణాలు మొదటివాటిలాగే పడుతుంటే, అప్పుడు రెండు పౌండ్లు.

గాలి గురించి తర్వాత మాట్లాడదాం, మధ్యాహ్నం వంశధార మీంచి గాలి లేచేలోపే ఈ వారం ప్రాక్టీసు ముగించు. ఆదివారం రాయగడ నుంచి పొద్దున బస్సుకి వస్తాను. ఒక నోటుబుక్కులో ప్రతి విడతకీ స్కోరు కాదు, ఎన్నిసార్లు దించావో రాసి పెట్టు. సున్నా అని రాస్తే నమ్మను.

మీ మావయ్య